డీఎల్ఎల్ పిలిచిన భోజనం

ముందే చెబుతున్నా, నవ్వకూడదు. టీ పొలమారితే నా పూచీ లేదు.

మొన్న ఆదివారం మా ఇంట్లో భోజనాలండి. పిలిచింది నేను. గొంతు నాది, మాటలు నావి. పిలిచిన సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు!

ఏంటలా చూస్తారు? యానాం వెళ్ళి మందేసుకొచ్చి, ఆ ఊపులో పిలిచాననుకుంటున్నారా? అబ్బే, శుభ్రంగా డ్యూటీలో ఉండి, టెస్టింగ్ చేస్తూ చేసిన నిర్వాకం అది.

మా ఆఫీసంటే ఏముంది, రాజమండ్రిలో ఓ మేడ మీద రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, మూలిగే ఫ్యాను ఒకటి. మా బాసు ప్రసాద్‌గారు దాన్ని కంపెనీ అంటారు, మేమూ కాదనం. ఈమధ్య ఆయన సామర్లకోట నుంచి ఓ ప్రాజెక్టు పట్టుకొచ్చారు. అక్కడ సత్తిరాజుగారని, కల్యాణమండపం ఓనరు. పెళ్ళికి ముందు రోజు కంప్యూటరే చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరోసారి పిలవాలని ఆయన కోరిక.

"ఎంతసేపండీ, రికార్డు చేసిన ముక్క ఒకటి వినిపిస్తే సరి," అన్నాను నేను.

సత్తిరాజుగారు నన్ను ఎగాదిగా చూశారు. "మీరెవరినైనా భోజనానికి పిలిచారా అండీ ఎప్పుడైనా? మనం పిలుస్తాం. వాళ్ళు 'ఎందుకండీ మీకు శ్రమ' అంటారు. అంటారా, అనరా? అప్పుడు మనం 'అదేం కుదరదండి' అనాలి. వాళ్ళు 'చూద్దాంలెండి' అంటారు. అప్పుడు మళ్ళీ పట్టుబట్టాలి. అదంతా లేకపోతే దాన్ని పిలుపనరండీ, టెలిగ్రాం అంటారు."

ఇంకేం చేస్తాం! మోడెం ఫోన్ కలుపుతుంది, గొంతు వినిపిస్తుంది, అవతలివాళ్ళు మాట ఆపారని పసిగట్టి తర్వాతి ముక్క వినిపిస్తుంది. అదంతా సీ ప్లస్ ప్లస్‌లో రాసి, కంపైల్ చేసి, డీఎల్ఎల్ అని, వేరే ప్రోగ్రాములు పిలిచి పని చేయించుకునేలా ఒకే ముద్దగా కట్టాం. అందులో ఒక ఫంక్షన్ పేరు 'బలవంతం'. ఒట్టండి, ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరు రాశాం. ఏ దేశంలోనూ ఏ ఇంజినీరూ అలాంటి ఫంక్షన్ రాసి ఉండడు. అవసరం మనకే!

గొంతు నాది పెట్టారు. ప్రసాద్‌గారు మాట్లాడితే రైల్వే అనౌన్స్‌మెంటులా ఉంటుందని ఆఫీసంతా ఏకగ్రీవంగా తేల్చింది. 'బావగారండీ', 'అత్తయ్యగారండీ', 'పెదనాన్నగారండీ' అని వరసలన్నీ విడివిడిగా రికార్డు చేశాను. వారాల పేర్లు కూడా. కంప్యూటరే తేదీ చూసుకుని 'రేపు ఆదివారం' అని అతికించుకుంటుంది. నమూనాకి నా పేరే చెప్పాను. "నేను మూర్తినండి. మా ఇంట్లో భోజనం. మీరంతా తప్పకుండా రావాలండి." తర్వాత బలవంతం మొదటి విడత: "అదేం కుదరదండి. మీరు రావల్సిందే." రెండో విడత: "మీరొచ్చేదాకా మేం విస్తరి ముందు కూర్చోమండి." ఇది సత్తిరాజుగారు స్వయంగా చెప్పి రాయించిన డైలాగు. నాకైతే ఓవరనిపించింది. మనకెందుకు, క్లయింటు!

ఇక టెస్టింగ్. అక్కడే ప్రాణం పోయేది. 'బావగారండీ' తర్వాత గ్యాప్ కొంచెం తగ్గించాలంటే, కోడు మార్చి, మళ్ళీ కంపైల్ కొట్టి, ఆ పాత కంప్యూటరు దాన్ని నముల్తున్నంతసేపూ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చోవాలి. ఇంతా చేసి ఫోన్ కలిపితే ఇంకో తప్పు కనపడుతుంది. మళ్ళీ మొదటికే.

అప్పుడు వెలిగిందండి నాకు. పైథాన్ అని ఒక స్క్రిప్టింగ్ భాష ఉందిగా, కంపైల్ గొడవ లేకుండా రాసిన లైను రాసినట్టే నడుస్తుంది. ఆ స్క్రిప్టులోంచి ఈ డీఎల్ఎల్‌ని పిలవగలిగితే? ఇటు ఒడ్డున పైథాను, అటు ఒడ్డున సీ ప్లస్ ప్లస్సు. మధ్యలో బ్రిడ్జి వేస్తే సరి! వేశాను. కొన్ని రోజులు తిండీ తిప్పలూ మానేసి వేశాను. స్క్రిప్టులో 'బలవంతం' అని ఒక్క లైను కొడితే, అవతల డీఎల్ఎల్ చచ్చినట్టు బలవంతం చేస్తోంది. ప్రసాద్‌గారు వీపు తట్టారు.

ఊరికే ఎవరెవరికో నిజం ఫోన్లు వెళ్ళకూడదని ఇంకో తెలివైన పని కూడా చేశానండి. అచ్చం అదే పేరుతో ఓ డమ్మీ డీఎల్ఎల్ తయారుచేశాను. అది ఎవరికీ ఫోన్ చెయ్యదు, చేసినట్టు స్క్రీన్ మీద రాస్తుందంతే. దాన్ని నా స్క్రిప్టు ఉన్న ఫోల్డర్లో పెట్టాను. ఇక ఎవరి నంబరు ఇచ్చినా భయం లేదని నా ధీమా.

శనివారం సాయంత్రం అసలు పరీక్ష. ఒక్కో వరసకీ ఒక్కో నంబరు ఇవ్వాలి. డమ్మీయే కదా, నోటికొచ్చిన నంబర్లు కొట్టాను. నోటికొచ్చేవి ఎవరివుంటాయి, మనవాళ్ళవే! అత్తయ్యగారండీ అన్నదానికి రావులపాలెంలో మా మేనత్త నంబరు. పెదనాన్నగారండీకి మండపేటలో మా పెదనాన్న. పేరు పెట్టి పిలిచేదానికి ప్రసాద్‌గారి ఇంటి నంబరు. బావగారండీ దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది.

మా బావగారంటే మా ఆవిడ విజయకి స్వయానా అన్నయ్య, భాస్కరరావుగారు. ఉండేది ఎక్కడో కాదు, కొవ్వూరులో. గోదావరి మీద బ్రిడ్జి దాటితే వాళ్ళ ఇల్లు. రెండేళ్ళుగా ఆయన ఆ బ్రిడ్జి దాటలేదు. మా గృహప్రవేశానికి నేను ఫోన్ చేసి, "ఆదివారం గృహప్రవేశమండి, వీలైతే రండి," అన్నానట. అన్నాను. తప్పేముందండీ అందులో? మీరే చెప్పండి! వీలైతేనే కదా ఎవరైనా వచ్చేది? వీలుకాకపోతే ఎలా వస్తారు? లాజిక్ కదా! ఆయన రాలేదు. ఆ తర్వాత ఏ పండక్కీ రాలేదు. విజయ నాతో దెబ్బలాడలేదు, అదే వచ్చిన చిక్కు. ఏ శుభకార్యమైనా పీటల మీద కూర్చునే ముందు ఒకసారి వీధి గుమ్మం వైపు చూసి, అప్పుడు కూర్చుంటుంది. ఆ చూపు నాకు గుచ్చుకునేది, కానీ ఏం చేస్తాం, ఆయన మొండి, నేను లాజిక్కు.

డమ్మీ పిలిస్తే ఏం పోయిందిలే అని ఆయన నంబరు కొట్టేశాను. స్క్రిప్టు నడిపించి, కిందకెళ్ళి టీ తాగి, ఓ ప్లేటు పునుగులు తిని వచ్చాను.

వచ్చేసరికి స్క్రీన్ మీద అన్నీ ఓకే, ఓకే, ఓకే! ఒకచోట మాత్రం 'బిజీ, మళ్ళీ చేస్తున్నాను' అని ఉంది, దాని కింద ఓకే. "ఆహా, ఎంత సహజంగా ఉందిరా నా డమ్మీ!" అని మురిసిపోయాను. డమ్మీలో నేను 'బిజీ' అన్న మాటే రాయలేదు కదా, ఎక్కడినుంచి వచ్చిందని ఒక్క క్షణం ఆలోచించానా? లేదు! రెప్పపాటులో అయిపోవాల్సిన డమ్మీ, ప్లేటు పునుగులు అయ్యేదాకా ఎందుకు నడిచిందని అనుమానపడ్డానా? లేదు! పైగా నన్ను టెస్టరంటారు. హాయిగా కంప్యూటరు కట్టేసి ఇంటికెళ్ళిపోయాను.

ఆదివారం. విజయ తలంటుకుని, తువ్వాలు చుట్టుకుని, "ఇవాళ చారు, అప్పడాలే. నాకు ఓపిక లేదు," అని ప్రకటించింది. నేను లుంగీలో పేపరు చదువుతున్నాను. వాకిట్లో ఆటో ఆగింది. మా మేనత్త, చేతికర్ర పట్టుకుని దిగుతోంది.

"ఏంట్రా ఆ పట్టుదల! నాకు మోకాళ్ళు నొప్పులురా అబ్బాయ్ అంటున్నా వినవే! 'అదేం కుదరదండి, మీరు రావల్సిందే' అన్నావు. నన్ను పట్టుకుని అండీ ఏంట్రా, నీ మొహం! అయినా ముచ్చటేసిందిలే."

నాకేం అర్థం కాలేదు. పెద్దావిడ, ఏ కలో వచ్చుంటుందనుకున్నాను. విజయ వంటింట్లోంచి చూస్తున్న చూపు మాత్రం కలలా లేదు.

ఆవిడ కుర్చీలో సర్దుకునేలోపే మండపేట పెదనాన్న దిగాడు, చంకలో పనసకాయతో. "ఒరే మూర్తీ, 'మీరొచ్చేదాకా విస్తరి ముందు కూర్చోం' అన్నావు. అంత మాట అన్నాక రాకుండా ఎలా ఉంటాన్రా?"

విస్తరి! అది మనుషులు మాట్లాడే మాట కాదు, సత్తిరాజుగారు రాయించిన మాట. మా ఆఫీసు మోడెంకి తప్ప దాన్ని ఇంకెవరూ వాడరు.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు బ్రిడ్జి పని చేస్తుందో లేదో చూద్దామని, అసలు డీఎల్ఎల్‌ని పైథాన్ ఉండే ఫోల్డర్లో పడేశాను. తియ్యడం మర్చిపోయాను. డీఎల్ఎల్ కావాలంటే విండోస్ ముందు పైథాన్ ఇంట్లో వెతుకుతుంది, అక్కడ దొరక్కపోతేనే నా ఇంటికొస్తుంది. అక్కడ దొరికింది! నా డమ్మీ నా ఫోల్డర్లో గుర్రుపెట్టి నిద్రపోయింది. అసలుది పనిలోకి దిగింది. ఫోన్ వైరు కూడా మోడెంకే గుచ్చి ఉంది మరి.

వంటింట్లోకెళ్ళి విజయకి మెల్లిగా మొత్తం చెప్పాను. ఆవిడ అట్లకాడ పట్టుకుని విన్నది. "ఇంకా ఎంతమందిని పిలిచిందండీ మీ దిక్కుమాలిన మిషను?"

"ప్రసాద్‌గారిని..." అన్నాను. ఆగాను. "ఇంకా... మీ అన్నయ్యని."

అట్లకాడ కిందపెట్టేసింది. తర్వాత నెమ్మదిగా, "అన్నయ్య ఏమన్నాడట?" అంది.

"నాకేం తెలుసే! నేను మాట్లాడలేదుగా!"

"మీరు మాట్లాడలేదు కదా," అంది విజయ, తల మీది తువ్వాలు విప్పేస్తూ. "అయితే వస్తాడు."

చూశారా, ఎంత మాటో! కానీ ఆవిడ మొహం చూశాక ఎదురు చెప్పబుద్ధి కాలేదు. చారు, అప్పడాలన్న మనిషి ఒక్కసారిగా వంటింట్లో సుడిగాలి అయిపోయింది. పెదనాన్న తెచ్చిన పనసకాయని మా అత్త చేతులకి నూనె రాసుకుని పొట్టు కొట్టడం మొదలెట్టింది. మోకాళ్ళే నొప్పులట, చేతులు కాదట. నన్ను చింతపండుకీ, గుమ్మడికాయకీ, కాజాలకీ బజారుకి మూడుసార్లు తరిమారు. ప్రతిసారీ విజయ ఒకే మాట: "అన్నయ్యకి ఇది మిషను చేసిన పనని తెలిస్తే ఈ జన్మలో మన గుమ్మం తొక్కడు. మీరు నోరు విప్పకండి."

అంతలో ప్రసాద్‌గారు వచ్చారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నవ్వుకుంటూ. "మూర్తీ! అద్భుతమయ్యా! నేను ఫోన్ ఎత్తగానే కనిపెట్టేశాను, మన డీఎల్ఎల్లే అని!"

"కనిపెట్టి కూడా వచ్చారా సార్?"

"మిషనైతే మాత్రం? అంతలా పిలిచాక రాకపోతే బావుండదు కదయ్యా," అన్నారాయన. ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి, మా బావగారొస్తే ఈ విషయం ఎత్తొద్దు సార్ అని బతిమాలాను. "నేనెందుకు ఎత్తుతాను!" అని భుజం తట్టారు. అది విన్నాక నాకు ఇంకా భయమేసింది.

ఒంటిగంట దాటింది. పెదనాన్న గడియారం చూస్తున్నాడు. మా అత్త, "విస్తళ్ళు వెయ్యవే, ఆకలేస్తోంది," అంది. విజయ "ఇంకొంచెంసేపు అత్తయ్యగారూ" అంటూ గుమ్మం వైపు చూస్తోంది. అదే చూపు. అన్నయ్య వచ్చేదాకా విస్తరి ముందు కూర్చోమని మిషను ఇచ్చిన మాట, ఖర్మకాలి మనుషులం నిలబెడుతున్నాం.

విజయ ఆఖరికి ఊపిరి వదిలి, విస్తళ్ళు వేసింది. సరిగ్గా అప్పుడు వీధిలో స్కూటర్ ఆగింది. భాస్కరరావుగారు! చేతిలో చక్రకేళీ అరటిపళ్ళ అత్తం. గుమ్మంలో నిలబడి, ఖాళీ విస్తళ్ళకేసి చూసి, "అయితే నిజంగానే కూర్చోలేదన్నమాట," అన్నారు.

"నువ్వొచ్చేదాకా ఎలా కూర్చుంటాం అన్నయ్యా!" అంది విజయ. ఆ అరటిపళ్ళు అందుకుని లోపలికి పారిపోయింది. లోపల ఏడ్చిందో, నవ్విందో తెలీదు గానీ పులుసులో ఉప్పు రెండోసారి పడింది.

అందరం కూర్చున్నాం. ఖర్మ చూడండి, బావగారి పక్కనే ప్రసాద్‌గారు! మొదటి ముద్ద మింగగానే అడిగేశారు. "మీకూ ఫోన్ వచ్చిందాండీ? వాయిస్ ఎలా వినపడింది?"

"భేషుగ్గా వినపడిందండి. పక్కన కూర్చుని పిలిచినట్టుంది," అన్నారు బావగారు.

"చూశారా! అదంతా మా..."

"సార్, పనసపొట్టు!" అని పెద్ద గరిటెతో వేశాను.

"గ్యాపులు? మధ్యలో గ్యాపులు ఎక్కువగా ఏమైనా..."

"సార్, నెయ్యి!" విస్తరిలో సగం నెయ్యే అయిపోయింది. పాపం, ఆయనకి షుగరుందని తెలిసి కూడా రెండు కాజాలు నోట్లో కుక్కినంత పని చేశాను.

అప్పుడు బావగారు చెయ్యి ఆపి, నావైపు తిరిగారు. రెండేళ్ళ కోపంలోనూ ఆయన నన్ను మీరనే అంటారు, ఇంటల్లుణ్ణి కదా.

"మూర్తిగారూ, ఆ రోజు గృహప్రవేశానికి 'వీలైతే రండి' అన్నారు. వీలు చూసుకుని రావడానికి నేనేమన్నా కరెంటు మీటరు చూడ్డానికి వచ్చేవాణ్ణా అండీ? నా చెల్లెలి ఇల్లు! నిన్న మీ ఫోన్ వచ్చింది. రానన్నాను. 'అదేం కుదరదండి' అన్నారు. ఒళ్ళు మండి, మీకసలు బుద్ధుందాండీ అని ఎడాపెడా తిట్టాను. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. అంతా నిదానంగా విని, ఒక్క మాట ఎదురు చెప్పకుండా, 'మీరొచ్చేదాకా మేం విస్తరి ముందు కూర్చోమండి' అన్నారు. అప్పుడు సిగ్గేసింది నాకు. ఇన్నాళ్ళకి మనిషిలా పిలిచారండీ!"

మనిషిలా! నేనే ఆ ఫోన్లో ఉండుంటే, మొదటి తిట్టుకే లాజిక్ మాట్లాడి టక్కున పెట్టేసేవాణ్ణి. ప్రసాద్‌గారు నోటి నిండా కాజాతో నావైపు చూసి, కళ్ళతోనే నవ్వారు. నేను తలొంచుకుని పెరుగన్నం కలుపుకున్నాను.

సాయంత్రం బావగారు బయల్దేరారు. అందరం వీధిలోకి వచ్చాం. స్కూటర్ స్టార్ట్ చేశారు. విజయ మొహం దీపావళిలా ఉంది. అంతా సవ్యంగా అయిపోయిందన్న సంతోషంలో, నేను నోరు తెరిచాను.

"వెళ్ళిరండి బావగారూ, మళ్ళీ వీలున్నప్పుడు..."

స్కూటర్ ఆగిపోయింది! ఆగిందో, ఆయనే ఆపారో. ఆయన మెల్లిగా తల తిప్పారు. విజయ నా చెయ్యి గిల్లిన చోట ఇప్పటికీ మచ్చుంది, చూడండి. వెనకనుంచి ప్రసాద్‌గారు నా చెవిలో, "బలవంతం, మూర్తీ, బలవంతం!" అన్నారు.

"అదేం కుదరదండి!" అని అరిచాను. "మీరు రావల్సిందే. మీరొచ్చేదాకా మేం విస్తరి ముందు కూర్చోమండి!"

అక్షరం పొల్లుపోకుండా, గ్యాపులతో సహా అప్పజెప్పాను. బావగారి మొహం విప్పారింది. "ఇంతలా అంటే రాకుండా ఎలా ఉంటానండీ, వస్తాను, వస్తాను," అంటూ వెళ్ళిపోయారు.

సోమవారం ఆఫీసుకెళ్ళి ముందు చేసిన పని, పైథాన్ ఫోల్డర్లోంచి ఆ డీఎల్ఎల్ తీసెయ్యడం. టెస్ట్ రిపోర్టులో అన్నీ పాస్ అని రాశాను. సత్తిరాజుగారు మెచ్చుకున్నారు. ఇక ఈ గొడవ అయిపోయిందనుకున్నాను.

ఇవాళ పొద్దున్న మా మావగారి పుట్టినరోజు మా ఇంట్లోనే చేద్దామని అనుకుని, బావగారిని పిలుద్దామని ఫోన్ దగ్గరికి వెళ్ళానండి. ఇలా రిసీవర్ ఎత్తానో లేదో, విజయ పరిగెత్తుకొచ్చి లాక్కుంది.

"మీరొద్దండీ బాబూ, మీకు దణ్ణం పెడతాను," అంది. "ఆఫీసుకెళ్ళి దానిచేత చేయించండి. దానికి మర్యాద తెలుసు."